ఎనిమిదిన్నర గ్రాముల కార్జం

దినేష్ ఆ శుక్రవారం పొద్దున వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. స్కూటర్లో పెట్రోలు పోయించుకోవడం, తొమ్మిదింటికల్లా ఆఫీసులో ఉండటం, తన ఉద్యోగం ఖాయం చేసే సంగతి ప్రియదర్శిని మేడమ్‌ని అడగడం. మూడూ అనుకున్నట్టే జరిగాయి. సాయంత్రం ఇంటికి పిల్లితో వచ్చాడు.

రెండు వేల సంవత్సరం అప్పటికి ఇంకా పదమూడు నెలల దూరంలో ఉంది. అది వచ్చేలోపు ప్రపంచంలోని పాత ప్రోగ్రాములన్నిటిలో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలుగా మార్చి మానవజాతిని కాపాడే బాధ్యత దినేష్ లాంటి వాళ్ళ మీద పడింది. అతను ఆరు నెలలుగా కాపాడుతూనే ఉన్నాడు. కంపెనీ పోయిన నెలే మాదాపూర్‌లో కొత్తగా కట్టిన టవర్లోకి మారింది. కుర్చీలు మారాయి, ఏసీ వచ్చింది, కాఫీ మిషన్ వచ్చింది. దినేష్ కన్ఫర్మేషన్ కాగితం మాత్రం రాలేదు. అది ప్రాజెక్ట్ మేనేజర్ ప్రియదర్శిని సంతకం కోసం ఆమె బల్ల సొరుగులో ఉందని అందరికీ తెలుసు.

"రెండు వారాలు సింగపూర్ ట్రైనింగ్‌కి వెళ్తున్నా దినేష్. వచ్చిన వెంటనే నీ కన్ఫర్మేషనే చూస్తా" అంది ఆమె. "అన్నట్టు, నీకు యానిమల్స్ అంటే ఇష్టమేనా?"

ప్రొబేషన్‌లో ఉన్నవాడికి ఇష్టం లేని జంతువు సృష్టిలో ఉండదు. దినేష్ చాలా ఇష్టమన్నాడు. అలా నల్లటి పిల్లి ఒకటి, దాని బుట్ట, నాలుగు పేజీల కాగితాలు అతని చేతికి వచ్చాయి. పిల్లి పేరు బ్యాకప్. మొదటి పిల్లి పోయాక తెచ్చుకున్నదట.

"దీని వెయిట్ నాలుగు కిలోల రెండువందలు. తగ్గకూడదు, పెరగకూడదు. రోజూ తూచి నాకు మెయిల్ పెట్టు. ఏదైనా తేడా వస్తే రూట్ కాజ్ కూడా రాయి. రూట్ కాజ్ తెలియని రిజల్ట్‌ని నేను రిజల్ట్ అనను, నీకు తెలుసుగా" అంది.

తెలుసు. ఆ మాట ఆమె రోజుకు నాలుగుసార్లు అంటుంది. దినేష్ పిల్లిని కాళ్ళ దగ్గర పెట్టుకుని, పాలూ పెరుగన్నం పెడితే సరిపోతుందనుకుంటూ కొండాపూర్ మీదుగా మదీనాగూడకు స్కూటర్ నడిపాడు. కాగితాలు ఇంటికొచ్చాకే విప్పి చూశాడు.

అవి ఇంటర్నెట్‌లోంచి తీసి అచ్చు వేసిన కాగితాలు. పిల్లికి పెట్టవలసింది సమతుల పచ్చి మాంసాహారం అని మొదటి పేజీలోనే ఉంది. రోజుకు నూటడెబ్బై గ్రాములు. అందులో కండ నూటముప్పై ఆరు, మెత్తని ఎముక పదిహేడు, కార్జం ఎనిమిదిన్నర, గుండే కందనకాయా కలిపి మరో ఎనిమిదిన్నర. వారానికి రెండుసార్లు గుడ్డులోని పచ్చసొన, నూరిన పెంకు పొడి. ఉడికించకూడదు. పిల్లిని బంధించి ఉంచకూడదు, మనసు కష్టపెట్టుకుంటుంది.

ఇక్కడ చెప్పవలసిన సంగతి ఒకటుంది. దినేష్‌ది ప్రొద్దుటూరు. అతని ఇంట్లోనూ, భార్య సౌజన్య ఇంట్లోనూ ఏడు తరాలుగా ఎవరూ మాంసం ముట్టలేదు. కోడిని ప్రాణంతో చూడటమే తప్ప ముక్కలుగా చూసిన పాపాన పోలేదు.

"ఇంట్లోకి గుడ్డు గూడా రానీమని ఇల్లు అడిగినప్పుడు కింద ఇంటామె పోచమ్మక్కకు చెప్పింది మీరే గదా?" అంది సౌజన్య, కాగితం చివర పట్టుకుని. "ఇప్పుడు కార్జం తెస్తారా? మా నాయనకు తెలిస్తే ఏమనుకుంటాడు? ఈడ కింద వాళ్ళకు తెలిస్తే మన మర్యాద ఏముంటాది?"

"ఏమే, పదహైదు దినాలే కదా. దాని తూకం నిలబడితే నా ఉద్యోగం నిలబడ్తాది."

"అయితే నా వంటింట్లో కాదు. మిద్దె మీద చేసుకోండి. ఎవురికీ తెలీగూడదు. ముట్టుకున్నాక తలకు పోసుకోకుండా లోపలికి రాగూడదు."

షరతులు న్యాయమైనవే. ఆ ఇంటి అన్ని అనర్థాలకూ అవే కారణమని అప్పుడు ఎవరికీ తోచలేదు.

శనివారం తెల్లవారగానే దినేష్ హైవే మీది తిరుపతి చికెన్ సెంటర్‌కి వెళ్ళాడు. ముక్కుకు చేతిరుమాలు కట్టుకున్నాడు. మొదట ఎదురుగా ఉన్న టీ కొట్లో పది నిమిషాలు నిలబడి, తెలిసినవాళ్ళెవరూ లేరని చూసుకుని, రోడ్డు దాటాడు.

"ఎంత గొట్టాలె సార్? కిలోనా, అద్దకిలోనా?" అన్నాడు తిరుపతి కత్తి తీసుకుంటూ.

"నూటముప్పై ఆరు గ్రాములు. ఎముక వేరుగా పదిహేడు. లివరు ఎనిమిదిన్నర."

"ఎనిమిదిన్నర ఏంది సార్?"

"గ్రాములే. గుండె, కందనకాయ కలిపి ఇంకో ఎనిమిదిన్నర."

తిరుపతి కత్తి కింద పెట్టాడు. పదేళ్ళుగా కోళ్ళు కోస్తున్న అతని దగ్గర ఎనిమిదిన్నర గ్రాముల కార్జం అడిగిన మనిషి ఇంతకుముందు లేడు. అంత చిన్న రాయి తన దగ్గర లేదని చెప్పి, కాస్త ముక్క, ఒక కార్జం, ఒక గుండె, ఒక కందనకాయ, రెండు మెడ ఎముకలు పొట్లం కట్టి ఇచ్చాడు. డబ్బులు తీసుకునేటప్పుడు దినేష్ వేళ్ళు తగలకుండా తీసుకున్నాడు.

దినేష్ దగ్గర మాత్రం అంత చిన్న రాళ్ళున్నాయి. సౌజన్య నాన్నది ప్రొద్దుటూరులో బంగారం కొట్టు. కూతురు కాపురానికి వచ్చేటప్పుడు ఆయన తన తండ్రి వాడిన ఇత్తడి త్రాసు ఒకటి ఇచ్చి పంపాడు, ఇంట్లో లక్ష్మి నిలుస్తుందని. దానితోపాటు గోరంత ఇత్తడి రాళ్ళు, ఒక గుడ్డ సంచిలో గురిగింజలు. సౌజన్య దానికి ప్రతి శుక్రవారం పసుపూ కుంకుమా పెడుతుంది. ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు దినేష్ ఆ త్రాసును పూజగదిలోంచి మిద్దె మీదికి తీసుకుపోయాడు.

మిద్దె మీద నీళ్ళ ట్యాంకు వెనక అతని ప్రయోగశాల. ఒక తట్టలో కార్జం, ఇంకో తట్టలో ఎనిమిది గ్రాముల రాళ్ళు. ఆ పైన అర గ్రాముకు నాలుగు గురిగింజలు. కాగితం మోకాలి మీద పెట్టుకుని, అంకెలు మర్చిపోకుండా పైకే చదువుకుంటూ తూచాడు. తర్వాత పిల్లిని గోనెసంచిలో పెట్టి, పాతపేపర్ల వాళ్ళు వాడే కొక్కెం కాటాకు వేలాడదీసి, దాని బరువు చూశాడు. నాలుగు కిలోల రెండువందలు. అంతా అయ్యాక బకెట్టు నీళ్ళు తలమీద కుమ్మరించుకుని, తడి పంచెతో, వణుకుతూ మెట్లు దిగాడు.

పెట్టే ముందు ఒక పని చేశాడు. మాంసాన్ని పప్పు కడిగినట్టు మూడు నీళ్ళతో కడిగి, చిటికెడు పసుపు వేసి నానబెట్టి, తెల్లగా దూదిలా అయ్యేదాకా పిండాడు. ఏ వస్తువునైనా కడగకుండా తినేది ఎలా అని అతని ఉద్దేశం. కాగితాల్లో నాలుగో పేజీలో దీని గురించి ఏదో ఉంది. కానీ ఆ పేజీ మొదట్లోనే నెత్తురు అనే మాట కనబడటంతో అతను అది చదవలేదు.

పిల్లి ఆ గిన్నెను వాసన చూసి, దినేష్ మొహం చూసి, వెళ్ళి గోడ మీద కూర్చుంది. ఆదివారం కూడా అంతే చేసింది. గిన్నెను కాకులు ఖాళీ చేశాయి. సోమవారం పొద్దున కొక్కెం కాటా నాలుగు కిలోల యాభై చూపించింది. నూటయాభై గ్రాములు పోయాయి. దినేష్ కళ్ళకు కాగితం మీద సంతకం లేని గీత కనిపించింది. రోజంతా ఆఫీసులో అతను ఒక్క సంవత్సరాన్ని కూడా నాలుగంకెలు చేయలేకపోయాడు.

ఇక కింది సంగతి. ఇంటి యజమాని సాయిలు ఆ ఊరివాడే. పొలం ప్లాట్లయిపోయాక మిగిలిన స్థలంలో ఈ ఇల్లు కట్టి పైభాగం దినేష్‌కి కిరాయికిచ్చాడు. వెనకవైపు కొట్టంలో ఒక బర్రెను మాత్రం వదులుకోలేదు. పొద్దున్నే ఆ పాలు కాలనీలో పోస్తాడు. తిరుపతి కూడా అతని దగ్గరే అర లీటరు పోయించుకుంటాడు.

"సాయిలన్నా, మీ మీదింట్ల ఉన్నాయన నీసు దింటడా?" అని అడిగాడు తిరుపతి సోమవారం నాడు.

"థూ, వాళ్ళు గుడ్డు గూడ ముట్టరు. మస్తు నిష్ఠ."

"మరి రోజు పొద్దుగాల వస్తుండు. ఒక్క కార్జం, ఒక్క గుండెకాయ, రెండు బొక్కలు. మూతికి గుడ్డ గట్టుకొని వస్తడు. మనిషి తోటి మాట్లాడడు."

ఇద్దరూ లెక్క వేసుకున్నారు. తినడు. కానీ కొంటున్నాడు. వండటానికి కాదు, అమ్మటానికి కాదు. లెక్క సరిగ్గానే సాగింది. ఆ లెక్కకు ఆ నేల మీద మిగిలే జవాబు ఒక్కటే.

సాయిలు ఇంటికొచ్చి భార్య పోచమ్మకు చెప్పాడు. పోచమ్మ ఆశ్చర్యపోలేదు. ఆమెకు అప్పటికే మూడు రోజులుగా వేరే బాధ ఉంది. శనివారం నుంచి బర్రె సగం పాలే ఇస్తోంది. పొదుగులో పాలున్నాయి, చేపడం లేదు. పాలు పితికేటప్పుడు అది గోడవైపే చూస్తోంది. గోడ మీద నల్ల పిల్లి కూర్చుని దాన్నే చూస్తోంది.

మంగళవారం పొద్దున పోచమ్మ పక్కింటి మిద్దె ఎక్కి, పిట్టగోడ చాటు నుంచి చూసింది. నడుముకు ఒక్క పంచె. ఒంటి మీద చొక్కా లేదు. ముందర కార్జం, గుండె, బొక్కలు, పచ్చసొన, గుడ్డు పెంకుల పొడి. ఇత్తడి త్రాసు, ఎర్ర గింజలు. కాగితం చూసి గొణుగుతున్నాడు. తర్వాత లేచి నల్ల పిల్లిని సంచిలో వేసి కొక్కేనికి వేలాడదీశాడు. దాని మొహంలోకి చూసి, "రా తల్లీ, నిలబడు, నిలబడు, నా బతుకు నీ చేతిలోనే ఉంది" అన్నాడు.

అతను నిలబడమన్నది కాటా ముల్లును. పోచమ్మ అంతవరకు ఆగలేదు. మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు.

"బాణామతి!" అంది మొగుడితో. "గుడ్డు గూడ ముట్టరంటే నేనే మురిసిన. ముట్టరెందుకో ఇప్పుడెరుకైంది."

"నడువు, పోయి అడుగుదాం" అన్నాడు సాయిలు.

"అడుగుతవా? అడిగినోళ్ళ మీదికే మర్లుతది. బాలమ్మను పిలువు."

బాలమ్మ చందానగర్‌లో ఉంటుంది. నుదుట రూపాయంత కుంకుమ, చేతిలో వేపమండ. అలాంటి విషయాల్లో ఆమె మాటకు తిరుగులేదు. మంగళవారం సాయంత్రమే వచ్చి, మెట్ల కింద నిలబడి, పైకి చూసి, గట్టిగా ఊపిరి పీల్చింది. పైనుంచి సౌజన్య ఆరవేసిన ఇత్తడి త్రాసు ఎండలో మెరుస్తోంది. ఆ మధ్యాహ్నమే త్రాసుకు నీచు వాసన ఎందుకొస్తోందో సౌజన్య కనిపెట్టింది. ఏడ్చింది. పసుపు నీళ్ళతో ఏడుసార్లు కడిగింది. మిగిలిన పసుపు నీళ్ళు ఆమె అప్పుడే పారబోయడంతో, అవి మిద్దె తూము గుండా సరిగ్గా బాలమ్మ కాళ్ళ ముందు పడ్డాయి.

"ఆలుమగలిద్దరూ జేస్తున్నరు" అంది బాలమ్మ. "పెద్ద పనే. ఇగ రోజు పొద్దు పొడవకముందు మెట్ల కాడ విరుగుడు పెట్టాలె. వాడు ఏం పెడుతుండో గదే పెట్టాలె, గంతకంటె ఎక్కువ పెట్టాలె. ముట్టకుంట ఉన్నదనుకో, వాని బలం ఇరిగినట్టు. మాయమైందనుకో, ఇంక బలమున్నట్టు."

బుధవారం తెల్లవారుజామున మోదుగాకు విస్తరిలో విరుగుడు వెలిసింది. పచ్చి కార్జం, గుండె, కందనకాయ, మెడ ఎముకలు, పచ్చసొన, చుట్టూ పసుపు బియ్యం, నడుమ నిమ్మకాయ. పొద్దెక్కేసరికి విస్తట్లో నిమ్మకాయ, బియ్యమే మిగిలాయి. ఆకు అద్దంలా నాకినట్టుంది.

పోచమ్మ వెంటనే బాలమ్మకు కబురు పంపింది. బ్యాకప్ మాత్రం మిద్దె మీద ఎండలో పడుకుని మూతి తుడుచుకుంటోంది.

గురువారం కాటా నాలుగు కిలోల నూటయాభై చూపించింది. శుక్రవారం నాలుగు కిలోల మూడువందలు. దినేష్ కళ్ళు చెమర్చాయి. తను పిండిన మాంసం గిన్నె కూడా మధ్యాహ్నానికి ఖాళీ అవుతోంది. సైన్సు ఎప్పుడూ మోసం చేయదని అతను సౌజన్యకు చెప్పాడు. ఆఫీసులో గ్రాఫు గీసి సింగపూర్‌కి మెయిల్ పంపాడు. గంటలో జవాబు వచ్చింది. "గుడ్ రికవరీ. బట్ రూట్ కాజ్?"

ఆహారానికి అలవాటు పడింది అని రాశాడు. "అది అబ్జర్వేషన్. రూట్ కాజ్ కాదు" అని తిరుగు జవాబు.

ఆదివారానికి పిల్లి నాలుగు కిలోల ఆరువందలైంది. ఇప్పుడు బాధ అటు తిరిగింది. దినేష్ రోజు కొలతను నూటడెబ్బై నుంచి నూటముప్పైకి తగ్గించాడు. కింద బాలమ్మ కొలతను పావుకిలో నుంచి అరకిలోకి పెంచింది. అతను వందకు దించాడు. ఆమె నాటుకోడికి ఎక్కించింది. దినేష్ ఎంత తగ్గిస్తే పిల్లి అంత పెరిగింది. కాటా తప్పు చూపిస్తోందేమోనని కొత్త కాటా కొన్నాడు. కొత్తది ఇంకో ఇరవై గ్రాములు ఎక్కువ చూపించింది.

రోజూ ఆఫీసుకు వెళ్ళేటప్పుడు మెట్ల కింద ఆ విస్తరిని దాటుకునే వెళ్ళేవాడు. ఇంటివాళ్ళ ఆచారాన్ని తొక్కకూడదని కాలు ఎత్తి పెద్ద అంగ వేసేవాడు.

"కింద వాళ్ళకేదో మొక్కున్నట్టుండాది. దినమ్మూ నిమ్మకాయ పెడతాండారు" అన్నాడొకసారి.

"పెట్టుకోనీ, మనకెందుకు? మన గుట్టు బయట పడకుండా ఉంటే చాలు" అంది సౌజన్య. ఆమె ఇంకా త్రాసు విషయంలో మాట్లాడటం పూర్తిగా మొదలుపెట్టలేదు.

ఈ మధ్యలో అతనికి ఇంకో సంతోషం కూడా కలిగింది. సాయిలు అంతకుముందు అతన్ని "ఏం దినేషూ" అని పిలిచేవాడు. ఇప్పుడు "సార్" అంటున్నాడు. కనిపిస్తే లేచి నిలబడుతున్నాడు. ఎండలో పెట్టిన స్కూటర్‌ని నీడలోకి జరుపుతున్నాడు. ఒకరోజు సీటు మీద దుమ్ము కూడా తుడిచాడు.

"చూసినావా?" అన్నాడు దినేష్ భార్యతో. "సాఫ్ట్‌వేర్ అంటే ఏందో ఇప్పుడిప్పుడే జనానికి అర్థమైతాండాది."

రెండో శుక్రవారం సాయంత్రానికి బ్యాకప్ ఐదు కిలోల నూటయాభైకి చేరింది. నడిస్తే పొట్ట మెట్లకు తగులుతోంది. ఆదివారం పొద్దున మేడమ్ వస్తుంది. దినేష్ నాలుగు పేజీలూ, నాలుగో పేజీ మినహా, మళ్ళీ చదివాడు. దారి దొరకలేదు. అడుసు తొక్కాక కాలు కడుక్కోక తప్పదుగా. పిల్లి మనసు కష్టపెట్టుకున్నా సరే అని, దాన్ని మెట్ల గదిలోకి తోసి గొళ్ళెం పెట్టాడు. ఒక పూర్తి రోజు ఉపవాసం.

శనివారం పొద్దున మెట్ల కింద విస్తరి పెట్టింది పెట్టినట్టే ఉంది. నాటుకోడి కాలు చెక్కుచెదరలేదు. అదే గంటలో, గోడ మీద పిల్లి లేకపోవడంతో, బర్రె తృప్తిగా చేపి పాత కొలత పాలు ఇచ్చింది.

పోచమ్మ మొక్కిన దేవతలందరికీ దణ్ణం పెట్టుకుంది. బాలమ్మకు చీర పెట్టింది. సాయిలు ఆరోజు దినేష్‌ని చూసి లేవలేదు.

"బలమిరిగింది" అంది బాలమ్మ. "ఇగ భయం లేదు. రేపు పొద్దుగాల పోయి ఖాళీ చెయ్యమను."

ఆదివారం ఎనిమిదింటికి సాయిలు, పోచమ్మ, వెనక వేపమండతో బాలమ్మ మెట్లెక్కారు. అదే సమయానికి గేటు ముందు కారు ఆగింది. ప్రియదర్శిని విమానాశ్రయం నుంచి సరాసరి వచ్చింది. మెట్ల మీద నలుగురూ ఒకేసారి పైకి చేరారు.

దినేష్ అప్పుడే తలకు పోసుకుని తడి పంచెతో ఉన్నాడు. చేతిలో గ్రాఫు. మొత్తం కొండ ఎక్కే దారిలా ఉంది.

"ఇంకా ఐదు కిలోల వందా?" అంది ప్రియదర్శిని గ్రాఫు చూసి. "రోజుకు వంద గ్రాములు పెడుతూ కిలో ఎలా పెంచావు? రూట్ కాజ్?"

"మేడమ్, అది... క్లైమేట్..."

"సార్‌ను నేనొక మాట అడగాలె" అంటూ పోచమ్మ అడ్డం వచ్చింది. పన్నెండు రోజులుగా అణచుకున్న మాట అది. "మీకు మేమేం అన్యాలం జేసినం? ఇల్లిచ్చినం. నీళ్ళిచ్చినం. మా బర్రె మీద బాణామతి ఎందుకు జేసిన్రు? కార్జం బంగారం కాటల తూస్తరా? నల్ల పిల్లిని ఏలాడగడ్తరా? మా బాలమ్మ విరుగుడు పెట్టకపోతె మా గతి ఏంది?"

సౌజన్యకు మొదట అర్థమైంది బాణామతి మాట కాదు. కార్జం మాట. కాలనీలో అందరికీ తెలిసిపోయిందని ఆమె అక్కడే గోడకు చేరగిలబడింది.

"బాణామతి ఏంది పోచమ్మక్కా!" అన్నాడు దినేష్. "అది పిల్లికి పెట్టే డైట్! ఇదో, కాగితం!"

"కాయితం నేను జూసిన. చదువుకుంట చేస్తివి."

"పిల్లి ఎక్కడ?" అంది ప్రియదర్శిని. ఆమెకు ఒకసారి ఒక ప్రశ్నే.

దినేష్ మెట్ల గది గొళ్ళెం తీశాడు. బ్యాకప్ బయటికొచ్చింది. రెండు వారాల తర్వాత యజమానురాలిని చూసింది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాచింది. పిల్లి ఆ చేతుల పక్కనుంచి, దినేష్ కాళ్ళ పక్కనుంచి నడిచి, బాలమ్మ చీరకు ఒళ్ళు రాసుకుని, మెట్లు దిగి, రోజూ విస్తరి పెట్టే చోట కూర్చుంది. తల ఎత్తి బాలమ్మ వైపు చూసి ఒక్కసారి అరిచింది.

అందరూ పైనుంచి కిందికి చూశారు. అందరికంటే చివర అర్థమైంది దినేష్‌కి. పది రోజులు తను కాలెత్తి దాటిన విస్తరి అది.

"అంటే మా విరుగుడు పిల్లి దిన్నదా?" అన్నాడు సాయిలు. నాటుకోడి ఖరీదు గుర్తొచ్చినవాడి గొంతు అది.

బాలమ్మ ఒక్క క్షణం కూడా తడబడలేదు. "నేను పెట్టింది పిల్లికే గద! గది పిల్లి రూపంల వచ్చింది. కడుపు నిండింది. బాధ వెట్టుడు బందు జేసింది. ఇందుల తప్పేమున్నది?"

ప్రియదర్శిని మెట్లు దిగి పిల్లిని ఎత్తుకుంది. నోరు తెరిచి పళ్ళు చూసింది. చిగుళ్ళు గులాబీ రంగులో ఉన్నాయి. బొచ్చు మీద చెయ్యి వేస్తే జారిపోయింది. ఆ పిల్లి ఆమె ఇంట్లో ఎప్పుడూ అలా లేదు.

"ఏం పెట్టారమ్మా దీనికి?"

"ఏమున్నది? పిడికెడు కండ ముక్కలకు బొటనేలంత కార్జం. గుండెకాయ ఒక్కటి. మెడ బొక్క నల్గగొట్టి. నడుమ నడుమ పచ్చసొన. కార్జం ఎక్కువైతే మంచిది గాదు, కడుపు ఆడుతది."

ప్రియదర్శిని కాగితాలు తీసుకుంది. రెండో పేజీలో అంకెలూ, బాలమ్మ పిడికిలీ, బొటనవేలూ పోల్చి చూసింది. నూటికి ఎనభై, పది, ఐదు, ఐదు. పెద్ద తేడా లేదు.

"ఇది మీకెవరు చెప్పారు?"

"మా అత్త జెప్పింది. ఆమెకు ఆమె అత్త జెప్పింది."

"దినేష్, నువ్వు పెట్టింది మరి ఎందుకు తినలేదు? కడిగావా?"

"మూడు నీళ్ళు, మేడమ్" అన్నాడు దినేష్, కాస్త గర్వంగానే. "పసుపు కూడా వేసినాను."

"కడుగుతరా ఎవలన్నా!" బాలమ్మకు ఆ పక్షం రోజుల్లో మొదటిసారి నిజంగా కోపం వచ్చింది. "నెత్తురే గద సత్తువ. గది వోతే ఇగ మిగిలేదేంది, దూది!"

ప్రియదర్శిని నాలుగో పేజీ తిప్పి, మొదటి పేరా అతనికి చూపించింది. మాంసాన్ని కడగరాదు, నెత్తురులోనే సారం ఉంటుందని అందులో రాసి ఉంది. తర్వాత పిల్లి ఎక్కడెక్కడ తిరుగుతుందో అడిగి, కొట్టం గోడ చూసి, బర్రెను చూసి, పాలు ఎందుకు చేపలేదో కూడా పోచమ్మకు రెండు మాటల్లో చెప్పేసింది. పోచమ్మకు ఆ వివరణ ఏమాత్రం నచ్చలేదు. ఎవరో పెద్దవాడు తమ మీద బాణామతి చేశాడంటే ఉన్న గౌరవం, పిల్లిని చూసి బర్రె బెదిరిందంటే ఎక్కడుంటుంది? ఖాళీ చేయమనే మాట మాత్రం ఆమె ఎత్తలేదు. చేతకాని బాణామతి గాళ్ళ వల్ల ఇంటికి ప్రమాదం లేదు.

"మేడమ్, నా కన్ఫర్మేషన్..." అన్నాడు దినేష్ కారు దాకా వెంట వెళ్ళి.

"పది రోజులు రూట్ కాజ్ నీ మెట్ల కింద ఉంది దినేష్. నిమ్మకాయతో సహా. నువ్వు దాన్ని దాటుకుని ఆఫీసుకొచ్చి, చివరికి క్లైమేట్ అన్నావు. ఇంకో మూడు నెలలు చూద్దాం" అంది ఆమె. తర్వాత బాలమ్మ వైపు తిరిగింది. "అమ్మా, రోజూ దీనికి మీరే పెట్టాలి. నెలజీతం ఇస్తాను. ప్రొబేషన్ అదీ ఏమీ లేదు."

బాలమ్మ ఆలోచించి, విస్తర్లు, నిమ్మకాయలు వేరుగా ఇస్తే వస్తానంది. నిమ్మకాయ ఎందుకని ప్రియదర్శిని అడగలేదు. ఫలితం వచ్చిన పద్ధతిలో దేన్నీ మార్చకూడదని ఆమె నమ్మకం. చందానగర్ నుంచి మేడమ్ ఇంటికి రోజూ పొద్దున్నే బాలమ్మను దించే పని, స్కూటర్ ఉంది కాబట్టి, దినేష్‌కి వచ్చింది.

సోమవారం అతను తయారై కిందికి వచ్చేసరికి సాయిలు స్కూటర్‌ని మళ్ళీ ఎండలోకి నెట్టేశాడు. "ఏం దినేషూ, పోతున్నవా?" అని కూర్చునే పలకరించాడు. పైన సౌజన్య త్రాసు గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. చందానగర్‌లో ఎక్కిన బాలమ్మ వెనక సీటు మీద, ఒళ్ళో విస్తరాకుల కట్టతో, జర నిమ్మళంగా నడపమని హెచ్చరించింది.

ఆ సంవత్సరం ప్రియదర్శిని చేతి కింద ఉద్యోగం ఖాయమైనది ఒక్క బాలమ్మకే.